వరంగల్‌లో గే మిస్టరీ థ్రిల్లర్ తీయాలంటే: కథ ముడి నుంచి సెన్సార్ దాకా

చిన్న బడ్జెట్, 90 నిమిషాల నిడివి, 12–15 మంది సిబ్బంది, 18–20 రోజుల షూటింగ్. ఈ కొలతల్లో వరంగల్, హనుమకొండ, కాజీపేట చుట్టూ తిరిగే గే మిస్టరీ థ్రిల్లర్ తీయాలనుకునేవాళ్ల కోసం ఇది. ఏ కెమెరా మంచిదన్న చర్చ ఇందులో లేదు. ఇలాంటి సినిమాలు కెమెరా వల్ల చెడిపోవడం అరుదు. కథ ముడి దగ్గర చెడతాయి, ఆ తర్వాత సౌండ్ దగ్గర చెడతాయి.

ముందు బలం సంగతి. ఏ థ్రిల్లర్ చూసినా పదో నిమిషంలో ప్రేక్షకుడికి వచ్చే డౌటు ఒకటే: "పోలీసుల దగ్గరికి పోతే అయిపాయె కదా?" మామూలు కథల్లో రచయిత దీనికి నానా తిప్పలు పడతాడు. ఫోన్‌లో చార్జింగ్ అయిపోయిందనో, ఎస్సై విలన్ మనిషనో ఏదో ఒకటి అతికిస్తాడు. ఇక్కడ ఆ తిప్పలు లేవు. తన మనిషి తప్పిపోయాడని చెప్పాలంటే తాను అతనికి ఏమవుతాడో చెప్పాలి. ఆ ఒక్క అడ్డంకితో గంటన్నర నడుస్తుంది.

బలహీనత కూడా అక్కడినుంచే పుడుతుంది. స్వతంత్రంగా తీసిన గే థ్రిల్లర్లలో చాలావాటికి చివర్లో విప్పే ముడి "అతను గే" అన్నదే. పోస్టర్ చూసి టికెట్ కొన్నవాడికి ఆ సంగతి ముందే తెలుసు. దీనికి ఇంకో రూపం, తన మీద తనకే అసహ్యమున్న గే మనిషే హంతకుడని తేలడం. ఇది పాత కంపు కొట్టే మలుపే కాదు, రెండో రీలులోనే పసిగట్టగలిగే మలుపు. కాబట్టి దాపరికం కథను నడపాలి, నేరానికి కారణం మాత్రం వేరే ఉండాలి. డబ్బో, భూమో, దొంగ లెక్కో, ఏదైనా సరే.

ముడి ఎలా వేయాలి

ఒక ఉదాహరణ కథ తీసుకుందాం. శ్రీను, 34 ఏళ్లు, ఎనుమాముల వ్యవసాయ మార్కెట్లో, రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమస్తా. ఇల్లు కొత్తవాడలో, భార్య రజిత. నయీంనగర్‌లో ఫొటో స్టూడియో నడిపే మహేందర్‌తో ఆరేళ్ల బంధం. ఇంట్లో, మార్కెట్లో అందరికీ మహేందర్ "శ్రీను దోస్తు". ఒక రాత్రి శ్రీను ఇంటికి రాడు. తెల్లారేసరికి వడ్డేపల్లి చెరువు కట్ట మీద బండి, పక్కన చెప్పులు కనబడతాయి. అందరూ "దూకిండు" అనుకుంటారు.

నిజానికి ఇది అడ్తిదారు బామ్మర్ది చేసిన పని. తక్‌పట్టీల్లో, అంటే రైతుకిచ్చే లెక్క చీటీల్లో, తూకం తక్కువ రాసి రైతుల డబ్బు మింగుతున్నాడు, ఆ లెక్క శ్రీను కంటబడింది. చంపడానికి కారణం లెక్క. ధైర్యం ఇచ్చింది మాత్రం దాపరికం. "సంగతి బయటపడ్డది, పరువు పోయి దూకిండు" అంటే ఊరు మారుమాట లేకుండా నమ్ముతుందని బామ్మర్దికి తెలుసు. ప్రేక్షకుల్లో సగం మంది కూడా నమ్ముతారు. గే మనిషి చచ్చిపోయాడంటే ఆత్మహత్యే అనుకునే మన అలవాటునే హంతకుడు అడ్డం పెట్టుకుంటున్నాడన్నమాట.

స్క్రిప్టు రాయకముందు హంతకుడి రాత్రిని నిమిషాల లెక్కన రాయండి. నాలుగు గడుల పట్టిక చాలు: సమయం, నిజంగా జరిగింది, అది ఎవరికి తెలుసు, తెర మీద ఎప్పుడు తెలుస్తుంది. మూడో గడి ఖాళీగా ఉన్న ప్రతి వరుసా రేపు కథలో కన్నం అవుతుంది.

క్లూలు మూడు నాలుగుకు మించొద్దు. ఒక్కో క్లూ అవసరపడేలోపు రెండుసార్లు కనబడాలి. మొదటిది తొలి 30 నిమిషాల్లోనే రావాలి, వచ్చిన ప్రతిసారీ ప్రేక్షకుడి చూపు ఇంకోచోట ఉండాలి. పై కథలో బండి స్టాండ్ చూడండి. శ్రీనుకు మోకాలి నొప్పి, సెంటర్ స్టాండ్ ఎప్పుడూ వేయడు. దీన్ని డైలాగులో చెప్పారో పోయింది. మొదటి పావుగంటలో శ్రీను, మహేందర్ ఏదో గొడవపడుతూ బండి మీద బయల్దేరతారు. పక్కనుంచి పోయే కుర్రాడు "అన్నా, స్టాండ్!" అని కేకేస్తాడు. శ్రీను కాలితో సైడ్ స్టాండ్ లేపుతాడు, గొడవ కొనసాగుతుంది. హాల్లో నవ్వొస్తుంది, క్లూ దిగిపోతుంది. ఇంకోచోట బామ్మర్ది తన బండిని ఒక్క ఊపుతో సెంటర్ స్టాండ్ మీదికి లాగడం వెనకాల ఎక్కడో కనబడాలి. కట్ట మీద దొరికిన బండి సెంటర్ స్టాండ్ మీద ఉందంటే దాని అర్థం మహేందర్ ఒక్కడికే తెలుస్తుంది. ప్రేమించినవాడికి మాత్రమే తెలిసే వివరం పరిశోధనకు పనికొచ్చినప్పుడే ప్రేమకథ, మిస్టరీ ఒకే కథ అవుతాయి. లేదంటే రెండు సినిమాలు వంతులవారీగా నడుస్తుంటాయి, ఈ తరహాలో సర్వసాధారణంగా జరిగేది అదే.

మరి బండిని కానిస్టేబుల్ జరిపి ఉండొచ్చు కదా? ఈ ప్రశ్న స్క్రిప్టు దశలోనే రావాలి. పొద్దున వాకింగ్‌కు వచ్చిన ఒకాయన పోలీసులు రాకముందే ఫోన్‌లో ఫొటో తీశాడని పెడితే సరిపోతుంది.

ఇంకో క్లూకు పైసా ఖర్చు లేదు. తప్పిపోయిన రాత్రి నుంచి మహేందర్ వాట్సాప్‌లో పంపే మెసేజ్‌లకు ఒక్క టిక్కే పడుతుంది. మూడో రోజు పొద్దున 9:40కి రెండో టిక్ పడుతుంది. శ్రీను బతికే ఉన్నాడని, ఫోన్ ఆన్ చేశాడని మహేందర్ ఆశపడతాడు. కానీ ఆ ఫోన్ ఏ టవర్‌నూ తాకలేదని పోలీసులు అంటారు. టిక్ పడిందన్నదీ నిజమే, ఫోన్ ఆన్ కాలేదన్నదీ నిజమే. అవతలివాళ్ల ఫోన్‌కే కాదు, దానికి లింక్ చేసిన ఏ కంప్యూటర్‌కు మెసేజ్ చేరినా రెండో టిక్ పడుతుంది. శ్రీను తన వాట్సాప్‌ను అడ్తి దుకాణం కంప్యూటర్లో తెరిచి పెట్టుకున్నాడు. కొత్త గుమస్తా ఆ రోజు దాన్ని ఆన్ చేశాడు, అంతే. బామ్మర్దికి వీళ్లిద్దరి సంగతి తెలిసింది కూడా ఆ కంప్యూటర్లోనే. ఫోన్ వాడకుండా 14 రోజులు దాటితే లింక్ తెగిపోతుంది, కాబట్టి కథకు గడువు కూడా దానంతట అదే వచ్చి చేరింది.

చివరి వివరణ సీన్‌లో హంతకుడు కూర్చుని ఐదు నిమిషాలు కథ చెప్పడం ఈ సినిమాలకు పట్టిన పెద్ద జబ్బు. డైలాగులో వివరణ 90 సెకన్లు దాటకూడదు. దాటుతోందంటే క్లూలు ముందు సరిగ్గా నాటలేదని అర్థం.

శ్రీను చనిపోవాలా, బతికి దొరకాలా? రెండు ముగింపులూ రాసి చూడండి. గే పాత్ర అంటే చావే అన్న పద్ధతితో చాలామంది విసిగిపోయారు. చంపక తప్పదనుకుంటే అతను తెర మీద కనీసం 20–25 నిమిషాలు బతకాలి. అతని చిరాకులు, తిండి, బేరమాడే తీరు, అబద్ధాలు అన్నీ కనబడాలి. మసక వెలుగులో నవ్వే నాలుగు ఫ్లాష్‌బ్యాక్‌లతో మనిషి తయారు కాడు.

చట్టం, పోలీసు: తప్పులు దొర్లే చోటు

1961 నాటి బ్రిటిష్ సినిమా 'విక్టిమ్'లో బ్లాక్‌మెయిల్ కథ అంత గట్టిగా నిలబడిందంటే అప్పటికి అక్కడ మగవాళ్ల మధ్య సంబంధం నేరం కాబట్టి. ఇంగ్లండ్‌లో ఆ చట్టం మారింది 1967లో. మన దగ్గర 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు నవ్‌తేజ్ సింగ్ జోహర్ కేసులో స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన ఐపీసీ 377 సెక్షన్‌ను పెద్దల ఇష్టపూర్వక సంబంధాలకు వర్తించకుండా చేసింది. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. అంచేత ఇప్పటి కథలో ఎస్సై "377 కింద లోపలేస్తా" అన్నాడంటే అది స్క్రిప్టు తప్పు. చట్టం తెలియని మనిషిని బెదిరించడానికే ఎస్సై అలా అంటున్నాడంటే వేరే సంగతి, అప్పుడు అది అబద్ధమని ప్రేక్షకుడికి అందాలి. ఇవ్వాళ భయం చట్టంతో కాదు. ఇంటితో, గల్లీతో, చుట్టాల వాట్సాప్ గ్రూపుతో. స్వలింగ జంటల పెళ్లికి గుర్తింపు ఇవ్వలేమని 2023 అక్టోబర్ 17న అదే కోర్టు చెప్పింది కాబట్టి మహేందర్ చేతిలో ఏ కాగితమూ లేదు.

దీన్ని ఉపన్యాసంగా రాయకండి. స్టేషన్లో ఒక సీన్ చాలు:

"ఎవరు తప్పిపోయిండ్రు?"

"శ్రీను సార్. ఎనుమాముల అడ్తిల గుమస్తా."

"నువ్వేమైతవ్?"

"దోస్త్‌ను సార్."

"దోస్త్‌వా. ఇంట్లోళ్లు ఏరి మరి? పో, ఇంట్లోళ్లను తోల్కరా."

కానిస్టేబుల్ చెడ్డవాడు కానక్కర్లేదు. రోజూ అడిగే ప్రశ్నే అడిగాడు. అతన్ని కర్కోటకుడిగా చూపిస్తే సీన్ బలం సగానికి పడిపోతుంది.

ఇంకొన్ని కచ్చితమైన వివరాలు. మనిషి తప్పిపోతే మన పోలీసులు 'మ్యాన్ మిస్సింగ్' కింద ఎఫ్ఐఆర్ కడతారు. అనుమానాస్పద మృతి అయితే నాగరిక్ సురక్షా సంహిత 194 సెక్షన్ కింద పంచనామా, ఆపై పోస్ట్‌మార్టం. వరంగల్‌లో అది ఎంజీఎం ఆసుపత్రిలో. డేటింగ్ యాప్‌లో పిలిపించి డబ్బు గుంజే ముఠాల కథ అయితే న్యాయ సంహిత 308 సెక్షన్, బలవంతపు వసూలు. కాల్ డేటా పోలీసులకే వస్తుంది. హీరో దోస్తు ల్యాప్‌టాప్ తీసి రెండు నిమిషాల్లో కాల్ లిస్టు లాగే సీన్ రాయకండి. అది నేరం, పైగా నమ్మశక్యంగా ఉండదు. మామూలు మనిషి చేతికి అందేవి వేరు: తన ఫోన్‌లోని చాట్, పెట్రోల్ బంక్ రసీదు, షాపు ముందరి సీసీ కెమెరా, బ్యాంకు పాస్‌బుక్.

వేసవి నీళ్లలో శవం మామూలుగా రెండు మూడు రోజుల్లో పైకి తేలుతుంది, లోపల కుళ్లి గ్యాస్ పుడుతుంది కాబట్టి. చల్లని నీళ్లలో ఇంకా ఆలస్యం. వారం దాటినా చెరువులో ఏమీ తేలలేదంటే గజ ఈతగాళ్లకే అనుమానం రావాలి. ఆ అనుమానం వాళ్ల నోటితోనే చెప్పించండి.

భార్య పాత్ర, మాట తీరు

పెళ్లయిన గే మనిషి కథలో భార్య రెండు రకాలుగానే ఉంటుంది: ఏడ్చే అమాయకురాలు లేదా అసూయతో చంపిన మనిషి. రెండూ వదిలేయండి. పై కథలో రజితకు అడిగే హక్కు ఉంది, సమాచారం లేదు. మహేందర్‌కు సమాచారం ఉంది, అడిగే హక్కు లేదు. ఫిర్యాదు ఇవ్వాలన్నా, బ్యాంకులో అడగాలన్నా, శవాన్ని గుర్తుపట్టాలన్నా ఆమె కావాలి. ఇద్దరూ ఒకరు లేకుండా ఒకరు ముందుకు పోలేరు. రెండో సగం మొత్తం ఈ జంట మీదే నడపొచ్చు.

ఆమెకు విషయం ఎప్పుడు తెలిసిందో చెప్పడానికి పెద్ద సీన్ అక్కర్లేదు. మొదటినుంచీ మహేందర్‌ను "అన్నా" అని పిలుస్తుంది. ఒక సీన్ నుంచి ఆ పిలుపు ఆగిపోతుంది. "ఆయన బండి కాగితాలు నీ దగ్గరున్నయా?" అని ఏ పిలుపూ లేకుండా నేరుగా అడుగుతుంది. మహేందర్‌కు అర్థమవుతుంది, మనకూ అవుతుంది.

వెక్కిరింపు మాటలు పూర్తిగా తీసేస్తే మార్కెట్ యార్డు బడిలా వినబడుతుంది. ఉంచండి, కానీ ఎవరి నోట్లో, ఎవరి ముందు అన్నది చూసుకోండి. వెక్కిరింపు మీద హాలు నవ్విందా, వెక్కిరించినవాడి మీద నవ్విందా అన్నదే కొలత. చేతులు తిప్పుతూ వచ్చే కామెడీ పాత్ర ఈ సినిమాలో అసలు వద్దు. గ్లాడ్ అనే అమెరికన్ సంస్థ 2013 నుంచి వాడుతున్న విటో రూసో పరీక్ష ఇక్కడ పనికొస్తుంది: గే అని తెలిసే పాత్ర ఒకటి ఉండాలి, అదొక్కటే అతని గుణం కాకూడదు, అతన్ని తీసేస్తే కథ కూలిపోవాలి. మూడోదాంట్లోనే చాలా స్క్రిప్టులు తప్పుతాయి.

లొకేషన్లు

జనవరి చివరినుంచి మార్చి మొదటిదాకా తీయండి. యార్డులో మిర్చి ఎర్రగా పరుచుకుని ఉంటుంది, పగలు భరించగలం. మేలో ఫ్యాన్ లేకుండా గదిలో సీన్ తీయడం అసాధ్యం.

ఎనుమాములలో మార్కెట్ కార్యదర్శి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. జెండా పాట (ఆ రోజు ధర తేల్చే వేలం) సమయంలో నటులను జనంలో కలిపి దూరం నుంచి లాంగ్ లెన్స్‌తో తీయాలి, డైలాగు సీన్లు సెలవు రోజున. మిర్చి ఘాటుకు గొంతు పట్టేస్తుంది, తుమ్ములు ఆగవు. నటులను టేక్ ముందు మాత్రమే లోపలికి పిలవండి. ముద్దు సీనో, ఏడుపు సీనో అదే రోజు పెట్టుకుంటే కళ్లు ఎర్రబడి కంటిన్యుటీ పోతుంది. చాటలు, తూకం యంత్రం, దడవాయి (తూకం వేసే మనిషి) నిలబడే చోటు ఇవన్నీ అక్కడివాళ్లను అడిగి పెట్టండి, యార్డులో పనిచేసేవాళ్లు మొదటి చూపులోనే తప్పు పడతారు.

కోల్డ్ స్టోరేజీలో తీసి బయటికి రాగానే లెన్స్ మీద తేమ పడుతుంది. కెమెరాను లోపలే జిప్ కవర్లో పెట్టి మూసి, బయటికి తెచ్చాక 30 నిమిషాలు తెరవకండి.

కోట, వెయ్యిస్తంభాల గుడి కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నాయి. ట్రైపాడ్ పెట్టాలన్నా ముందస్తు అనుమతి కావాలి. నిజం చెప్పాలంటే ఈ కథకు కాకతీయ తోరణం అవసరమే లేదు. ఊరు గుర్తుపట్టడానికి తోరణం చూపించడం పెళ్లి వీడియో పద్ధతి. కాజీపేట స్టేషన్‌కు దక్షిణ మధ్య రైల్వే అనుమతి, ఫీజు ఉంటాయి. ప్లాట్‌ఫారం బదులు బయటి బ్రిడ్జి, రైలు శబ్దం వాడుకుంటే ఆ ఖర్చు తప్పుతుంది. ఫ్రెంచ్ సినిమా 'స్ట్రేంజర్ బై ది లేక్' (2013) మొత్తం ఒక చెరువు ఒడ్డున, నేపథ్య సంగీతం లేకుండా నడిచింది. కట్ట, మార్కెట్, స్టూడియో, కొత్తవాడ ఇల్లు: నాలుగు చోట్లు చాలు.

రాత్రి, ఫోన్ తెర

మన కరెంటు 50 హెర్ట్జ్. 24 ఫ్రేములకు షట్టర్ 1/50 పెట్టండి, కోణం అయితే 172.8 డిగ్రీలు. 1/48 పెడితే ట్యూబులైటు కింద గోడ మీద మెల్లగా పాకే చారలు వస్తాయి, కెమెరా చిన్న తెరలో అవి కనబడవు. వీధి ఎల్ఈడీల్లో కొన్ని ఏం చేసినా మిణుకుతాయి. ముందురోజు రాత్రి అదే దీపం కింద ఒక నిమిషం తీసి పెద్ద తెర మీద చూసుకోండి.

చీకటి సీన్‌ను చీకటిగా తీసి తర్వాత పెంచితే నాయిస్, అంటే తెర మీది చుక్కలు, మరిగినట్టు కనబడుతుంది. అర స్టాప్ నుంచి ఒక స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు) ఎక్కువ వెలుతురు ఇచ్చి, తర్వాత రంగులు దిద్దే గ్రేడింగ్‌లో దించండి. కట్ట మీద నీలి వెలుగు సూర్యాస్తమయం తర్వాత 20–25 నిమిషాలే. అందులో మూడు షాట్లకు మించి రావు, రిహార్సల్ నాలుగున్నరకే అయిపోవాలి.

టిక్‌ల క్లూ పెట్టాక ఫోన్ తెర కూడా ఒక పాత్రే. చాట్ తెరను డిజైన్ చేయించి వీడియోగా ఫోన్‌లో ఆడించండి, నిజమైన ప్రొఫైళ్లు, నంబర్లు ఫ్రేములోకి రాకూడదు. తెర వెలుగు 80 శాతం పైన ఉంచాలి. ఓఎల్ఈడీ తెరలు తక్కువ వెలుగులో వేగంగా ఆరి వెలుగుతాయి, కెమెరాలో నల్ల గీతలు పడతాయి. ఆటో బ్రైట్‌నెస్, నోటిఫికేషన్లు ఆపేయండి. గడియారాన్ని ఆటోమేటిక్ నుంచి తీసి కథలోని టైమ్ చేత్తో పెట్టండి. 9:40 క్లూ ఉన్న సినిమాలో పైన మూల 4:17 కనబడితే యూట్యూబ్‌లో స్క్రీన్‌షాట్లు తిరుగుతాయి.

సౌండ్

బడ్జెట్‌లో రికార్డింగ్, మిక్సింగ్ కలిపి 12–15 శాతం పక్కన పెట్టండి. ఈ సినిమాలో సగం మాటలు గొంతు తగ్గించి మాట్లాడేవే. తెలుగులో అలవాటైన డబ్బింగ్ ఇక్కడ దెబ్బ తీస్తుంది. దగ్గరగా పడుకుని మాట్లాడుకునే మాటలను మూడు నెలల తర్వాత బూత్‌లో నిలబడి చెప్పిస్తే రేడియో నాటకంలా ఉంటుంది. ఇక వేరే ప్రాంతం డబ్బింగ్ కళాకారుడు "తోల్కరా" అంటే ఎట్లుంటదో చెప్పక్కర్లేదు. సింక్ సౌండ్ తీయండి, అంటే మాటలను షూటింగ్‌లోనే రికార్డు చేయండి. మార్కెట్, రోడ్డు సీన్లకే డబ్బింగ్, అదీ ఆ నటుడి గొంతుతోనే.

48 కిలోహెర్ట్జ్, 24 బిట్. మాటల పీక్‌లు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర. ఇద్దరు కౌగిలించుకునే సీన్‌లో చొక్కా లోపలి మైకు పనికిరాదు, నలిగి గరగర వస్తుంది. బూమ్ (పొడవాటి కర్రకు కట్టిన మైకు) పైనుంచి అర మీటరు దూరంలో ఉండాలి, లేదా తలగడ వెనక ఒక మైకు దాచాలి. గుసగుసను నిజం గుసగుసగా పలకనివ్వకండి. గాలి తప్ప అక్షరం వినబడదు. గొంతు ఉంచి, చాలా తగ్గించి పలకాలి. ఫ్యాన్, ఫ్రిజ్ ఆపక తప్పదు, అందుకని మూడు నాలుగు నిమిషాలకొకసారి విరామం ఇచ్చి చెమట తుడవాలి. కొత్తవాడ ఇళ్లల్లో జంపఖానా మగ్గాల చప్పుడు ఉంటుంది. అది ఆగే వేళ కనుక్కుని డైలాగు సీన్లు అప్పుడు పెట్టుకోండి, మగ్గం చప్పుడును విడిగా రికార్డు చేసి మీకు కావాల్సిన చోట వేయండి. ప్రతి లొకేషన్లో అందరూ కదలకుండా 60 సెకన్ల గది నిశ్శబ్దం తీసుకోండి. ఇది లేకపోతే ఎడిటింగ్‌లో ప్రతి కట్ దగ్గరా గోతిలో పడ్డట్టు వినబడుతుంది.

సన్నిహిత సీన్లు, మనుషుల గుట్టు

ఏ అవయవం ఎంతవరకు కనబడుతుంది, ఏ స్పర్శ ఎక్కడ, స్టిల్స్ తీస్తారా లేదా అన్నవి అగ్రిమెంటుకు జతగా రాసుకుని, షూటింగ్‌కు కనీసం రెండు రోజుల ముందు సంతకాలు కావాలి. సెట్లో "ఇంకొంచెం" అని అడగడం అక్కడే ఆపేయాలి, ఒప్పుకోవడం కష్టంగా ఉండే సమయం అదే. ఇలాంటి సీన్లను నటుల సమ్మతితో నడిపించే ఇంటిమసీ కోఆర్డినేటర్‌ను పెట్టుకునే డబ్బు లేకపోతే, దర్శకుడు కాని ఒక మనిషికి ఆ బాధ్యత అప్పగించి, ఆపే హక్కు ఆ మనిషికి ఇవ్వండి. సీన్‌ను ఫైట్‌లాగా లెక్కలతో కట్టాలి: చేయి ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు. గదిలో ఐదారుగురు. బయటి మానిటర్ ఆఫ్.

ఫుటేజ్ లెక్క కూడా చూసుకోండి. సెకనుకు 200 మెగాబిట్ల రికార్డింగ్ అయితే గంటకు 90 జీబీ. రోజుకు రెండు గంటలు, 20 రోజులంటే 3.6 టీబీ. మూడు కాపీలు ఉండాలి, ఒకటి వేరే ఇంట్లో. సన్నిహిత సీన్లు పాస్‌వర్డ్‌తో ఎన్‌క్రిప్ట్ చేసిన డ్రైవ్‌లో విడిగా పెట్టి, ఎడిటర్‌కు తప్ప ఎవరికీ ఇవ్వకండి.

ఈ సినిమాకు పనిచేసేవాళ్లలో, ఇల్లు ఇచ్చేవాళ్లలో, తమ గురించి ఇంట్లో చెప్పనివాళ్లు ఉండొచ్చు. కాల్ షీట్‌లో సినిమా పేరుకు మారుపేరు వాడండి. సెట్లో ఫోన్ ఫొటోలు వద్దు. ఎవరైనా గేనా కాదా అని అడగడం నటుల ఎంపికలో భాగం కాదు. ఇంటి ఓనరుకు మాత్రం కథ ఏమిటో ముందే చెప్పండి. "ఫ్యామిలీ సినిమా" అని అబద్ధం చెప్పి తీస్తే మూడో రోజు తాళం పడుతుంది, మధ్యలో ఆగిన సీన్‌ను వేరే ఇంట్లో అతికించలేం.

ఎడిటింగ్

మొదటి కట్ 115 నిమిషాలు వస్తుంది. మహేందర్ ఒంటరిగా బండి మీద తిరిగే షాట్లు, కట్ట మీద నిలబడే షాట్లు, కిటికీ షాట్లు ముందు తీసేయండి. దర్శకుడికి అవి మూడ్, చూసేవాడికి అవి ఆగిపోయిన కథ.

కథ తెలియని ఆరుగురికి చూపించి, 30వ నిమిషంలో ఒకసారి, 60వ నిమిషంలో ఒకసారి ఆపి "ఎవరి మీద అనుమానం?" అని కాగితం మీద రాయించండి. 30 దగ్గర ఆరుగురూ బామ్మర్ది పేరే రాస్తే అతని సీన్లు తగ్గించాలి. 60 దగ్గర ఎవరూ రాయకపోతే తక్‌పట్టీ క్లూ అందలేదు, దిద్దిన అంకె మీద క్లోజప్ ఇంకో సెకను పెంచండి. ఆ ఆరుగురిలో కనీసం ఇద్దరు గే ప్రేక్షకులు, ఒకరు మార్కెట్ తెలిసినవాళ్లు ఉంటే మంచిది.

సెన్సార్, విడుదల

థియేటర్‌కు సర్టిఫికెట్ తప్పనిసరి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో, ప్రాంతీయ కార్యాలయం హైదరాబాద్‌లో. సినిమాటోగ్రాఫ్ చట్టానికి 2023లో చేసిన సవరణ తర్వాత యూఏలో 7+, 13+, 16+ అని మూడు రకాలు వచ్చాయి. ముద్దు దాకా ఉంటే యూఏ 16+ అడగొచ్చు, 'ఏ' ఇస్తే మాత్రం టీవీకి అలాగే అమ్మలేరు. కట్‌లు ఒప్పుకోకపోతే సెన్సార్ బోర్డులో సినిమాను మళ్లీ చూసే రివైజింగ్ కమిటీ, ఆ పైన హైకోర్టు. మధ్యలో ఉండే అప్పీలు ట్రైబ్యునల్‌ను 2021లో ఎత్తేశారు. కాబట్టి కట్‌ల మీద పోరాడాలనుకుంటే లాయరు ఖర్చు ముందే రాసుకోండి. సిగరెట్ సీన్ ఉంటే మొదట్లో, మధ్యలో 30 సెకన్ల ప్రకటనలు, తెర మీద హెచ్చరిక తప్పవు. థ్రిల్లర్‌లో సరిగ్గా ఉత్కంఠ ఉన్నచోట కింద ఆ అక్షరాలు వస్తాయి. సిగరెట్ తీసేసి టీ గ్లాసు ఇవ్వండి.

ఓటీటీకి సెన్సార్ లేదు, 2021 ఐటీ నిబంధనల ప్రకారం వయసు రేటింగ్ వేదికే ఇస్తుంది. అయితే పొగాకు హెచ్చరికలు 2023 సెప్టెంబర్ నుంచి అక్కడా ఉన్నాయి.

వరస ఇలా ఉండాలి: ముందు ఫెస్టివల్స్, తర్వాత థియేటరో ఓటీటీనో, చివర యూట్యూబ్. ముంబైలో 2010 నుంచి జరుగుతున్న కశిష్, లండన్‌లో బీఎఫ్ఐ ఫ్లేర్, 1977లో మొదలైన శాన్‌ఫ్రాన్సిస్కో ఫ్రేమ్‌లైన్ ఈ తరహాకు తలుపు తెరిచేవి. ఆన్‌లైన్‌లో ముందే పెట్టేస్తే కొన్నింటికి అర్హత పోతుంది. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ వరంగల్ మాట తెలిసినవాళ్లతో రాయించండి. రజిత "అన్నా" అనడం మానేసినప్పుడు ఆ తేడా ఇంగ్లిష్‌లోనూ ఎలాగోలా కనబడాలి, లేకపోతే బయటి ప్రేక్షకుడికి ఆ సీన్‌లో ఏం జరిగిందో తెలియదు.

డీసీపీ (థియేటర్లో ఆడించే డిజిటల్ కాపీ) తయారుచేసే ముందురోజు ఎండ్ టైటిల్స్‌లో ఉన్న ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి పేరు వేయాలా, మారుపేరు వేయాలా, వద్దా అని మళ్లీ అడగండి. ఆర్నెల్ల కింద సరే అన్నవాళ్ల ఇంట్లో ఈలోపు పెళ్లి సంబంధాలు మొదలై ఉండొచ్చు.